బంగాళాఖాతం ఏ పుస్తకంలో ఉంది?

సంపాదకుల వారికి,

నమస్కారం. వేసవి సెలవుల్లో పిల్లలు చదవదగ్గ పుస్తకాలంటూ మీ ఆదివారం అనుబంధంలో ఒక పేజీ వేశారు. సముద్రం గురించి, సముద్ర జీవుల గురించి వచ్చిన పుస్తకాలకు అందులో ఒక బాక్సు కట్టి మరీ ఇచ్చారు. సంతోషం. క్రికెట్టు, కోచింగు తప్ప సెలవులకు ఇంకో ఉపయోగం కూడా ఉందని గుర్తుచేసినందుకు థాంక్స్. అయితే ఆ బాక్సులో ఉన్నవన్నీ ఇంగ్లిషు పుస్తకాలే. పోనీ, సర్దుకుందాం. వాటిలోని సముద్రాలైనా మనవా అంటే అదీ లేదు. ఆస్ట్రేలియా పగడపు దిబ్బలు, అంటార్కిటికా పెంగ్విన్లు, అలాస్కా తిమింగలాలు. సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవునా మనల్ని ఆనుకుని ఉన్న బంగాళాఖాతం, నేను తిరగేసినంతలో, ఒక్కదాంట్లోనూ కనబడలేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద అఖాతం ఇదేనని సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. దాని లోపల ఏముందో చదువుకుంటామంటే చేతికి ఇవ్వడానికి మా దగ్గర ఏమీ ఉండదు.

నేను భీమిలి వైపు ఒక మత్స్యకార గ్రామంలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని. జీవశాస్త్రం చెబుతాను. పుట్టిందీ అలాంటి ఊళ్లోనే. నాన్న తెప్ప మీద వేటకెళ్లేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలమ్మేది. మా బడి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, గాలి ఇటు తిరిగితే ఎండుచేపల వాసనా వస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లు జేబురుమాలు తీస్తారు, మా పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వుతారు.

మా లైబ్రరీ అంటే ఇనప బీరువా. అందులో దాతలెవరో ఇచ్చిన నున్నటి కాగితం బొమ్మల పుస్తకం ఒకటుంది, సముద్ర జీవుల మీద. పిల్లలు దాన్ని నలిగిపోయేలా చూశారు. ఒకరోజు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సొరచేప బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది మగది మేడం" అంది. ఎలా చెప్పావంటే, పొట్ట కింద రెక్కల దగ్గర వేళ్లలా వేలాడుతున్న రెండింటిని చూపించింది. నిజమే, అవి మగ సొరకే ఉంటాయి. ఆ పేజీలో పళ్ల గురించి, వేగం గురించి, మనుషుల మీద దాడుల గురించి బోలెడు ఉంది గానీ ఆ సంగతి లేదు. ఆ పిల్ల పొద్దున్నే వాళ్లమ్మకి సాయంగా రేవులో సొరలు కోసి బడికి వస్తుంది. బాలింతలకు పెట్టే పాలసొరలు ఎన్నో ఆమె చేతుల మీదుగా పోయాయి. పుస్తకంలో ఉన్న విషయం చదివి ఆశ్చర్యపోవడం ఒకటి, తనకు తెలిసిన విషయం పుస్తకంలో చూసుకుని సంబరపడటం ఇంకొకటి. మా పిల్లలకు ఆ రెండోది ఎప్పుడూ దక్కలేదు.

ఇంగ్లిషు పుస్తకాలంటే నాకు పడదనుకోకండి. సముద్రం గురించి నేను చదివిన మొదటి మంచి పుస్తకం ఇంగ్లిషుదే. బీఎస్సీ రోజుల్లో విశాఖలో ఒక పాత పుస్తకాల షాపులో అట్ట ఊడిపోయి దొరికింది. రేచల్ కార్సన్ రాసిన 'ది సీ అరౌండ్ అస్', 1951లో వచ్చింది. పురుగుమందుల మీద ఆవిడ 1962లో రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' పేరు చాలామంది విని ఉంటారు. అంతకుముందే సముద్రం మీద మూడు పుస్తకాలు రాసిందని, అమెరికా ప్రభుత్వ మత్స్య శాఖలో ఉద్యోగం చేసిందని అంతగా తెలియదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఓపిగ్గా చదివాను. అందులో ఒకచోటికి వచ్చేసరికి ఇక ముందుకు పోలేక అక్కడే మళ్లీ మళ్లీ చదివాను.

1942, యుద్ధం రోజులు. శత్రువుల జలాంతర్గాముల చప్పుడు పసిగట్టడానికి అమెరికా నౌకాదళం చీసపీక్ అఖాతం మొగలో నీళ్లలోకి మైకులు దించింది. ఆ వసంతంలో సాయంత్రమయ్యేసరికి పైన స్పీకర్లు హోరెత్తిపోయేవట. రోడ్డు పగలగొట్టే మిషన్ మోతలా ఉండేదని రాసింది. ఆ గోలలో జలాంతర్గామి వచ్చినా వినబడదు. తీరా ఆరా తీస్తే అది యంత్రం కాదు, క్రోకర్ అనే చేపల గుంపు. చలికాలం లోతు నీళ్లలో గడిపి అఖాతంలోకి తిరిగొస్తున్నాయి. చివరికి ఆ చప్పుడును వడగట్టే ఏర్పాటు చేసుకుంటే గానీ నౌకాదళం వాళ్లకు పని జరగలేదు. (అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా ముసలమ్మలు ఆ రోజు సంగతి పురాణంలా చెప్పేవారు.)

క్రోకర్ అంటే మా గొరక. జాతి వేరు కావచ్చు, కుటుంబం ఒకటే. గొరకల వేటకు వెళ్లినప్పుడు నాన్న తెప్ప ఆపి, తెడ్డును నిలువుగా నీళ్లలోకి దించి, పైకొసకు చెవి ఆనించి వినేవాడు. ఆడపిల్లని తెప్ప ఎక్కనివ్వరు కనక నేను వినలేదు. తమ్ముడు విన్నాడు. ఇంటికొచ్చి గొంతు బిగబట్టి 'గుర్ర్... గుర్ర్...' అని చేసి చూపించేవాడు. ముందు కర్రకు నీళ్లు కొట్టుకునే చప్పుడే వినిపిస్తుందట. చెవి అలవాటుపడ్డాక దాని అడుగునుంచి ఈ గుర్రు తేలుతుందట. తెప్ప కాస్త జరిపి మళ్లీ వింటే ఎక్కువైందో తగ్గిందో తెలుస్తుంది. ఎక్కువైన వైపు వల. ఆ చప్పుడెలా వస్తుందో నాకు పుస్తకాల వల్ల తెలిసింది. చేప పొట్టలో గాలితిత్తి ఉంటుంది. దాని పక్కనున్న కండరాలు గబగబా ముడుచుకుంటూ సాగుతూ ఉంటే తిత్తి మోగుతుంది. నీళ్లలో చప్పుడు గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది, ఎక్కువ దూరమూ పోతుంది.

నాన్న అరుగు మీద వల బాగుచేసుకుంటుంటే ఆ పేజీ తెలుగులో చెప్పాను. దారం కొరికి, "దానికి వాళ్లకి మిషన్లు కావాల్సొచ్చాయా?" అన్నాడు. అంతకుమించి ఆశ్చర్యపోలేదు. కానీ గాలితిత్తి సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు. చేపలు కూస్తాయని ఆయనకు తెలుసు, దేనితో కూస్తాయో తెలియదు. కార్సన్‌కు రెండోది తెలుసు. ఈ రెండూ ఒకే పేజీలో ఉన్న పుస్తకం కోసమే నేనీ ఉత్తరం రాస్తున్నది.

గాలితిత్తి మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ఫిర్యాదు. కచ్చిడి చేప వలలో పడి మత్స్యకారుడు లక్షాధికారి అయ్యాడన్న వార్త మీతో సహా అన్ని పత్రికల్లోనూ వస్తూనే ఉంటుంది. అదీ గొరకల కుటుంబందే, ఆ ధర పలికేదీ దాని గాలితిత్తే. ధర వేస్తారు, ఫొటో వేస్తారు. ఆ తిత్తి చేపకు ఎందుకు పనికొస్తుందో, గుంపుకట్టి కూసే వేళల్లోనే ఈ జాతులు తేలిగ్గా వలకు చిక్కుతాయన్నదీ ఎవరూ రాయరు. లాటరీ వార్తలా చదివి పక్కన పెట్టేస్తాం.

ఇక అసలు సంగతి. మన సముద్రం మీద పుస్తకం రాయడం కొత్తగా మొదలుపెట్టాల్సిన పనేం కాదు. రెండు వందల ఏళ్ల కిందటే ఆ పని జరిగింది. పాట్రిక్ రస్సెల్ అని ఒక డాక్టరు 1782లో విశాఖపట్నం వచ్చాడు. వాళ్ల అన్నదమ్ముల్లో ఒకాయన ఇక్కడ ఈస్టిండియా కంపెనీ అధికారి. 1785లో ఈయన కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. రక్తపింజరను ఇంగ్లిషులో రస్సెల్స్ వైపర్ అంటారు కదా, ఆ రస్సెల్ ఈయనే. పాముల పుస్తకం 1796లో వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల మీద రెండు సంపుటాల పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఒక్కో చేపకు ఒక్కో బొమ్మ, కొలతలు, రెక్కల్లో ముళ్ల లెక్క, రంగు. బొమ్మ కింద పేరు, ఇక్కడి పడవల వాళ్లు చెప్పిన పేరే, ఇంగ్లిషు అక్షరాల్లో. చందువ, వంజరం, కోణెం, కచ్చిలి, సావళ్లు, అన్నీ వరసగా ఉన్నాయి. కానగంతకు ఆయన రాసుకున్న 'కనగుర్త' అన్న పేరునే ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1816లో శాస్త్రీయ నామంలో ఖాయం చేశాడు. ప్రపంచంలో ఏ మూల ప్రయోగశాలలోనైనా ఈ రోజుకీ దాన్ని రాస్ట్రెల్లిజర్ కనగుర్త అనే అంటారు.

వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మగవాళ్లు నీడ చూసుకుని వలలు బాగుచేసుకుంటుంటారు. ఆ పుస్తకంలో కొన్ని బొమ్మలు ప్రింటు తీయించి పట్టుకెళ్లాను. పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టి ఒక్కొక్కటీ చూపించాను. నలుపు గీతల బొమ్మలు, రంగు లేదు. అయినా తడుముకోలేదు. వంజరం, కోణెం దగ్గర మాత్రం పెద్ద వాదన అయింది. పట్నంలో కొనేవాళ్లకు అన్నీ వంజరమే గానీ రస్సెల్ రెండింటికీ వేర్వేరు బొమ్మలు వేయించాడు. ఒంటి మీద చారలు చూడాలని ఒకాయన, చుక్కలు చూడాలని ఇంకొకాయన, ఒంటి పక్కన పొడవునా పోయే గీత తోక దగ్గర ఎలా వంగిందో చూడాలని ఇంకో పెద్దాయన. ఈ మూడో ఆయన ఎప్పుడూ బడి మొహం చూడలేదు. కాలేజీలో మాకు ఆ చేపల్ని గుర్తుపట్టడం నేర్పింది కూడా సరిగ్గా ఆ గీతతోనే. చివర్లో ఆయనే అడిగాడు: "ఈ దొరకి ఇన్ని చేపలు ఎవరిచ్చారమ్మా?" చేపల పేర్లు పుస్తకం నిండా ఉన్నాయి. తెచ్చి ఇచ్చినవాళ్ల పేర్లు నాకు కనబడలేదు.

రస్సెల్ తర్వాత ఈ నీళ్లను చదివినవాళ్లు లేకపోలేదు. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ మీద సర్జన్‌గా, ప్రకృతి శాస్త్రవేత్తగా తిరిగిన ఆల్కాక్ బంగాళాఖాతం అడుగునుంచి లోతు నీటి జీవుల్ని పైకి లాగించి, ఆ అనుభవాలన్నీ 1902లో పుస్తకంగా రాశాడు. చదవడానికి హాయిగా ఉంటుంది, మధ్యలో దొర గారి కొమ్ములు కాస్త పొడుచుకొస్తాయి. 1952లో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి వాల్తేరు తీరం ఎదుట నీళ్ల వేడి, ఉప్పదనం కొలిచాడు. వేసవి ముందర తీరం దగ్గర లోతు నీళ్లు పైకి తేలుతాయని, వానలు వెళ్లాక పైనీళ్లు కిందికి దిగుతాయని వివరించాడు. దేశంలో సముద్ర శాస్త్రం చదువుకు గట్టి పునాది పడిన చోట్లలో మన విశాఖ ఒకటి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాఖ కూడా ఇక్కడుంది. ఇన్ని ఉండి కూడా, వాళ్లు కనుక్కున్నది ఇంగ్లిషు జర్నళ్లలోనే ఉండిపోయింది. మా ఊరికీ విశ్వవిద్యాలయానికీ మధ్య బస్సు ఉంది, పుస్తకం లేదు.

నాకు కావాల్సిన పుస్తకంలో ఏముండాలని అడుగుతారేమో. మొట్టమొదట, మన సముద్రం మిగతావాటిలా ఎందుకుండదో ఉండాలి. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు ఈ ఒక్క అఖాతంలోనే పడతాయి. పైగా వానలు. మంచినీళ్లు ఉప్పునీళ్లకన్నా తేలిక కాబట్టి పాల మీద మీగడ కట్టినట్టు పైపొరగా నిలుస్తాయి. ఈ పొర ఉన్నంతసేపు గాలి ఎంత కలిపినా కింది నీళ్లు, వాటిలోని పోషకాలు పైకి రావడం కష్టం. ఎండ తగిలే పైనీళ్లలో పోషకాలు లేకపోతే కంటికి కనబడని నాచు పెరగదు, నాచు లేకపోతే కవ్వళ్ల లాంటి చేపలకు మేత లేదు. అరేబియా సముద్రంలో నైరుతి గాలులు నీళ్లను బాగా చిలుకుతాయి, అందుకే అక్కడ చేప ఎక్కువ. ఇక ఇదే పైపొర ఎండకు కాగి వేడిని దాచుకుంటుంది, తుపాన్లకు బలం అక్కడి నుంచే వస్తుంది. హుద్‌హుద్‌ను 2014లో ఒళ్లంతా చూసినవాళ్లం మేము. ఆ పాఠం చెప్పినప్పుడు క్లాసులో గుసగుస కూడా ఉండదు.

తర్వాత పులస గురించి ఉండాలి. పుస్తెలమ్మి తినాలన్న సామెత కాదు, దాని బతుకు. సముద్రంలో ఉండే చేప వరద నీటి జాడ పట్టుకుని గోదావరికి ఎందుకు ఎదురీదుతుంది, గుడ్లు పెట్టాక పిల్లలు ఏ దారిన తిరిగొస్తాయి, ధవళేశ్వరం ఆనకట్ట ఆ దారికి ఏం చేసింది. తాబేళ్ల గురించి ఉండాలి. చలికాలం వెళ్లేలోగా ఆలివ్ రిడ్లేలు మా ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వస్తాయి, చచ్చినవీ కొట్టుకొస్తాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి కంచె వేసి కాపాడతారు. ఆ కంచె మీద నీడకు గుడ్డ ఎందుకు కట్టారని మా ఆరో తరగతి పిల్లాడు అడిగాడు. ఇసుక వేడిని బట్టే పుట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే అన్నీ ఆడవే పుడతాయి, మరీ ఎక్కువైతే గుడ్డులోనే పోతాయి అని చెబితే, వాడు అపనమ్మకంగా చూసి, "పుస్తకంలో ఉందా?" అన్నాడు. వాడి ఉద్దేశంలో పుస్తకంలో ఉంటేనే నిజం. నేను చూపించాల్సిన పేజీ ఇంగ్లిషులో ఉంది. కోరింగ మడ అడవులు, హోప్ ఐలాండ్, భీమిలి రాళ్ల మధ్య పాటు నీళ్లలో మిగిలే గుంటలు, వీటన్నిటికీ తలా ఒక అధ్యాయం చాలు. బొమ్మలు మాత్రం బాగుండాలి.

ఒక మ్యాపు కావాలి. ఇది సరదాకి అడగటం లేదు. మా బడిలో చాలామంది పిల్లల తండ్రులు ఉండేది ఇక్కడ కాదు, గుజరాత్‌లోని వెరావల్‌లో. ఉత్తరాంధ్ర నుంచి ఏటా బోట్ల మీద కూలికి వెళతారు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు, నెలలకు గానీ రారు. 2018 చివర్లో అలా వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లను సముద్ర సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో గానీ వదల్లేదు. ఆ రోజుల్లో పిల్లలు నన్ను అడిగిన ప్రశ్న, సముద్రంలో గీత ఎక్కడుంటుంది మేడం అని. గోడ మీది మ్యాపులో భూమి మీద రంగులున్నాయి, నీలం మీద ఏమీ లేదు. లోతులు, ప్రవాహాలు, ఎవరి నీళ్లు ఎంతవరకు, నిషేధం ఏ తీరంలో ఎప్పుడు, ఇవన్నీ వేసిన సముద్రం మ్యాపు ఒకటి తెలుగులో ఉంటే మా ఊళ్లో అది ప్రతి ఇంట్లోనూ దేవుడి పటం పక్కన ఉంటుంది.

"చేపలోళ్ల పిల్లలకి చేపల పుస్తకం దేనికమ్మా, వాళ్లకి తెలియందేముంది, ఇంగ్లిష్ గ్రామర్ కొనండి" అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ ఆయన అనుకుంటున్నట్టుగా ఆ తెలివి రక్తంలో రాదు. ఇప్పుడు మా ఊళ్లో ఏ తల్లీ కొడుకుని వేటకు పంపాలనుకోవడం లేదు. పాలిటెక్నిక్‌కో, ఫార్మా కంపెనీకో పంపాలనుకుంటోంది. అందులో తప్పులేదు, నన్నూ అలాగే పంపారు. తెడ్డుకు చెవి పెట్టి వినడం మా తమ్ముడితోనే ఆగిపోయింది. వాడి కొడుకు ఫైబర్ తెప్పకు ఇంజన్ ఉంది, దాని మోతలో గొరక కూత ఏం వినబడుతుంది? కొండ గుర్తు, గుడి గుర్తు కలిపి చూసుకుని నీళ్లలో రాయి ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. లోతు బారల్లో చెబుతారు, మనవళ్లకు బార అంటే తెలియదు. ఇది రాసి పెట్టకపోతే ఇంకో ఇరవై ఏళ్లకు అడగడానికి మనిషుండడు.

అలాగని శాస్త్రం వద్దని కాదు. సముద్రం లేని హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. ఉపగ్రహాలు చూసిన నీటి వేడి, నాచు పచ్చదనం లెక్కగట్టి, చేప ఎక్కడ ఉండొచ్చో రోజువారీ కబురు పంపుతుంది, తెలుగులో కూడా. మా వాళ్లు దాన్ని ఫోన్లో చూసుకునే వెళతారు, ఆకాశం కూడా చూసుకుంటారు. చల్లటి నీళ్లూ వెచ్చటి నీళ్లూ కలిసే అంచున చేప మేతకు చేరుతుందని పెద్దవాళ్లకు నీటి రంగును బట్టి ఎప్పుడో తెలుసు. ఆ కబురు వెనక ఉన్న లెక్క ఏమిటో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. యూట్యూబ్ ఉందిగా అంటారు కొందరు. చూస్తూనే ఉన్నాను, మా పిల్లల ఫోన్లలో సముద్రం అంటే రాక్షస ఆక్టోపస్, మత్స్యకన్య దొరికింది, ఎప్పుడో అంతరించిపోయిన మెగలొడాన్ సొర బతికే ఉంది. వాటి ముందు నా పాఠం చప్పగా ఉంటుందని నాకూ తెలుసు.

డబ్బెక్కడిదంటారా? మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. మా మండలంలో రేకుల ఇల్లున్న మత్స్యకారుడు కూడా కడుతున్నాడు. ఆ డబ్బులో కాసింత పెట్టి, తీరం జిల్లాల శాఖా గ్రంథాలయాల కోసమైనా ఇలాంటి పుస్తకం ఒకటి వేయించొచ్చు. రస్సెల్ బొమ్మలకు కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. వాటినే తీసుకుని, పక్కన తెలుగు పేరు, ఊరూరా మారే పేర్లు, ఎక్కడ ఏ లోతులో ఏ నెలలో దొరుకుతుంది, ఏం తింటుంది, ఎంత పెరిగాక గుడ్లు పెడుతుంది, ఎంతకన్నా చిన్నది పట్టకూడదు, ఇవి చేర్చితే సగం పుస్తకం అయినట్టే. ధర వంద రూపాయలు దాటకూడదు, ఆర్ట్ పేపరు అక్కర్లేదు, తడి చేత్తో పట్టుకున్నా ఇంకు కారకుండా ఉంటే చాలు. అనువాదం మాత్రం దయచేసి చేప ముట్టని పండితుల చేతికి ఇవ్వకండి. 'ఒక రకమైన సముద్ర మత్స్యము' అని రాసి చేతులు దులుపుకుంటారు, మాకు ఆ అనుభవం ఉంది.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. వేట నిషేధం ఉన్న ఆ రెండు నెలలూ వారానికి అరపేజీ సముద్రానికి ఇవ్వండి. విశాఖలో పరిశోధకులున్నారు, రిటైరైన ప్రొఫెసర్లున్నారు, అడిగితే రాస్తారు. వారానికో చేప చాలు. మొదటిది గొరక పెట్టండి. దాని తలలో తెల్లగా పింగాణీ ముక్కలా రెండు చెవిరాళ్లుంటాయి. శాస్త్రవేత్తలు వాటి పొరలు లెక్కపెట్టి చేప వయసు చెబుతారు. మా పిల్లలు కూరలోంచి తీసి గవ్వలాటకు దాచుకుంటారు. బొమ్మ కావాలంటే ఒక డబ్బాడు పంపిస్తాను.

పుస్తకమే వేసేమాటైతే ప్రూఫులు మా ఊరికి పంపండి. నేను చదివి వినిపిస్తాను, తప్పులు దిద్దడానికి వల బాగుచేసే పెద్దలున్నారు, వంజరం దగ్గర గొడవపడ్డ ఆ ముగ్గురితో సహా. కాకపోతే జూన్ 14 లోపు అందేలా చూడండి. ఆ తర్వాత ఒడ్డున ఎవరూ దొరకరు.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం ఉపాధ్యాయిని,
భీమునిపట్నం మండలం, విశాఖపట్నం జిల్లా